గంట తప్పిన కోడలు

మా రత్నత్త పోయిందని కబురు వచ్చినప్పుడు నేను తిరుపతిలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. పుత్తూరు అవతల ఉన్న వాళ్ళ పల్లెకు చేరేసరికి అంతా అయిపోయింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కోడలితో ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయిందట. వసారాలో అయ్యవారు పంచాంగం తెరుచుకుని కూర్చున్నాడు. ఇల్లు మూసిపెట్టవలసిన నక్షత్రమేమో చూడాలి, ప్రాణం సరిగ్గా ఎప్పుడు పోయిందో చెప్పండి అన్నాడు. ఆ సమయానికి పక్కనున్న మనవళ్ళందరూ సెల్‌ఫోన్లు చూసుకున్నవాళ్ళే. అందరూ ఒకే నిమిషం చెప్పారు. ఒక్క మాట తేడా రాలేదని అయ్యవారు సంతోషించాడు. చావు ఇంట్లో చెప్పుకోకూడదు గాని, నాకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

నేను నీళ్ళు తాగుతుంటే అత్త మునిమనవరాలు ఒకతి వచ్చి నా పక్కన చేరింది. "జేజికి గంటవ్వ అని ఎందుకు పేరొచ్చిందవ్వా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్త పెద్దకొడుకు అందుకుని, రాములగుడికి గంట చేయించింది గదా, అందుకే అన్నాడు. కాదు, ముందు రోజుల్లో బడిలో గంట కొట్టేదంట అని ఇంకొకరు. రెండూ అబద్ధాలే. మా అత్త ఏ గుడికీ గంట చేయించలేదు, ఏ బడి మెట్లూ ఎక్కలేదు. ఆ పేరులో ఉన్న గంట మోగేది కాదు, గడియారంలో నడిచేది. ఈ సంగతి తెలిసినవాళ్ళలో నేనే చివరిదాన్ని అని అప్పుడు తట్టింది. ఆ పిల్లకు చెప్పడానికి ఆ పూట వీలు కాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

రత్నత్త మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. పాకాల జంక్షనులో స్టేషనుకు ఎదురుగా మా నాయనకు చిన్న హోటలు ఉండేది. ముందు హోటలు, వెనక ఇల్లు, మధ్యలో గోనెపట్టా తెర. కాట్పాడి నుంచి వచ్చే బండి, గూడూరు నుంచి వచ్చే బండి, ధర్మవరం వైపు పోయే బండి, ఏది వచ్చినా మా తెర ఊగేది. ఆ ఇంటిని తలుచుకుంటే నాకు మొదట వచ్చేది రూపం కాదు, వాసన. ఇడ్లీ ఆవిరి, దానిలో ఇంజను బొగ్గుపొగ, అడుగున వేగుతున్న కాఫీ గింజలు. మా ఇంట్లో బట్టలన్నిటికీ ఆ వాసనే. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ మూడూ కలిసి వస్తాయి, విడివిడిగా ఎప్పుడూ రావు. తెర వెనక రుబ్బురోలు దగ్గర అమ్మ, రత్నత్త ఎదురెదురుగా కూర్చుని ఒకరు తిప్పుతుంటే ఒకరు పిండి తోస్తూ ఉండేవాళ్ళు. నేను అత్త వీపుకు ఆనుకుని కూర్చునేదాన్ని. రోలు తిరిగినప్పుడల్లా ఆ వీపు ముందుకూ వెనక్కూ ఊగేది, నాకు ఉయ్యాల ఎక్కినట్టుండేది.

నాయన తల్లి, మా అవ్వ, ఆ ఇంటికి పెద్ద. అవ్వ దగ్గర గంటలు లేవు, పొద్దులు ఉండేవి. వేగుచుక్క పొడిచే పొద్దు, ఎనుము పాలకు అరిచే పొద్దు, గోడనీడ రోలు మీదికి ఎక్కే పొద్దు, ఎనుములు ఇంటికి మళ్ళే పొద్దు, దీపాల పొద్దు. రైలు వచ్చాక వీటిలోకి కాట్పాడి బండి పొద్దు కూడా చేరిపోయింది. రైలంటే అవ్వకు కొంచెం పెద్ద ఎనుము, అంతే. అరుస్తుంది, పొగ వదులుతుంది, వేళకు వస్తుంది. బండి ఆలస్యంగా వస్తే అవ్వ లెక్కలో పొద్దే ఆలస్యమైనట్టు. "ఇంకా కాట్పాడి బండి పొద్దు గాలేదు, అప్పుడే కూడేందమ్మా" అని ఆకలితో ఉన్న మమ్మల్ని కూర్చోబెట్టిన రోజులున్నాయి. ఆమె ప్రపంచంలో పొద్దు మెత్తగా ఉండేది. కొంచెం అటు లాగితే సాగేది, ఇటు తోస్తే ముడుచుకునేది. ఎవరూ దేనికీ ఆలస్యంగా వచ్చినట్టు నాకు గుర్తులేదు, ఎందుకంటే ఎవరైనా వచ్చినప్పుడే ఆ పని మొదలయ్యేది.

నాయన అట్లా కాదు. ఆయన రైల్వే ఉద్యోగి కాడు, కాని స్టేషను ఎదుట బతుకుతున్నందుకు తాను సగం రైల్వేవాడినని ఆయన నమ్మకం. చిత్తూరుకు పోయి ఒక గోడ గడియారం కొని, పంచెలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చాడు. అవ్వ దానికి పసుపు కుంకుమ పెట్టి, హోటల్లో గల్లాపెట్టె పైన వేలాడదీయనిచ్చింది. రోజూ పొద్దున్నే నాయన స్టేషనుకు పోయి అక్కడి పెద్ద గడియారం చూసుకుని వచ్చేవాడు. వచ్చేటప్పుడు నిండు నూనెగిన్నె పట్టుకున్నవాడిలాగా, ఎవరు పలకరించినా పలకకుండా, టైము ఒలికిపోతుందేమోనన్నంత జాగ్రత్తగా నడిచి వచ్చి, స్టూలెక్కి ముల్లు సరిచేసి, అప్పుడు ఊపిరి పీల్చుకునేవాడు. ఆ తరవాత వచ్చినవాడికల్లా టైము చెప్పేవాడు. అడగనివాడికి కూడా చెప్పేవాడు. కాఫీ కన్నా టైమే ఎక్కువ పోస్తాడని అమ్మ ఎగతాళి చేసేది.

అవి యుద్ధం రోజులు. చక్కెర దొరక్క కాఫీలో బెల్లం వేసేవాళ్ళం. ఒక సాయంత్రం నాయన స్టేషను నుంచి కొత్త వార్త తెచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతూ ఉంది.

"రేపటినించి ఒక గంట ముందుకు జరపాలంటమా. సర్కారు ఆర్డరు" అన్నాడు అవ్వతో.

"ఏంది జరిపేది? పొద్దునా?"

"పొద్దును గాదు, గడియారాన్ని."

"గడియారం నీదే గదరా, జరుపుకో. దానికి నన్నడిగేదేముండాది?"

"అట్ల గాదుమా. దేశమంతా జరపతారు. లైట్లు తక్కువ కాలతాయంట, యుద్ధానికి మిగల్తాదంట."

అవ్వ చుట్టూ చూసింది. "మనింట్లో లైటు యాడుండాది? ఉండేది ఆ బుడ్డీ ఒకటే గదా" అంది.

అది మామూలుగా అన్న మాటే గాని, మర్నాటినుంచి ఆ బుడ్డికే పని పెరిగింది. తెల్లారి బండి కొత్త టైము ప్రకారం వస్తుంది. అంటే మా పొద్దుకు ఒక గంట ముందే వస్తుంది. ప్రయాణికులు దిగేసరికి ఇడ్లీలు వేడిగా ఉండాలి. కాబట్టి అమ్మ, రత్నత్త ఇంకా చీకటి ఉండగానే లేచి, బుడ్డి వెలిగించుకుని పొయ్యి ముట్టించాలి. ఎనుముకు సర్కారు ఆర్డరు అందలేదు, అది తన పొద్దుకే పాలిచ్చేది. అందువల్ల మొదటి బండికి కాఫీ కావాలంటే ముందునాటి పాలు దాచిపెట్టుకోవలసి వచ్చింది. రాత్రి పని మాత్రం తగ్గలేదు, ఎందుకంటే అవ్వ దీపాల పొద్దు చీకటి పడ్డప్పుడే గాని ముందుకు రాదు. ఇటు చివర గంట పోయింది, అటు చివర చేరలేదు. మా ఇంట్లో నుంచి యుద్ధానికి పోయింది ఎవరంటే, అమ్మ నిద్ర, అత్త నిద్ర. యుద్ధమని వింటే ఇప్పటికీ నాకు విమానాలు గుర్తుకురావు, చీకట్లో బుడ్డి వెలుగులో తిరిగే రుబ్బురోలు గుర్తుకొస్తుంది.

ఊళ్ళో ఇద్దరు కలుసుకుంటే కొత్త టైమా పాత టైమా అనడం పలకరింపు అయిపోయింది. స్టేషను, బడి, పోస్టాఫీసు కొత్త టైములో ఉండేవి. పొలాలు, గుళ్ళు, పురుళ్ళు పాత టైములో ఉండేవి. పాకాలలాంటి రైలు ఊళ్ళలో కొన్నాళ్ళకు అందరూ కొత్త టైముకే అలవాటు పడ్డారు. నాలుగు మైళ్ళు పోతే పల్లెల్లో ఎవరూ దాన్ని లెక్కచేయలేదు. రైలెక్కాలన్నా, కోర్టుకు పోవాలన్నా పంచాంగం గంటకు ఇంకొకటి కలుపుకుని బయలుదేరేవాళ్ళు. చాలామంది ఒకసారి బండి తప్పిపోయాకే ఆ కలపడం నేర్చుకున్నారు. నేర్చుకున్నాక ఎక్కడ గంట మాట వినబడినా ఒకటి కలిపేసేవాళ్ళు. నేను చెప్పబోయే దానికంతటికీ మూలం ఇదే.

రత్నత్తకు పెళ్ళి ఆలస్యమైంది. ఆమె నక్షత్రం అత్తగారికి మంచిది కాదని పేరు. రెండు సంబంధాలు దగ్గరదాకా వచ్చి ఆ మాట దగ్గర జారిపోయాయి. అత్త పెళ్ళిచూపులకు కట్టుకున్న చీర మడతపెట్టి పెట్టెలో పెట్టేటప్పుడు చాలాసేపు పెట్టెముందే కూర్చునేది. చివరికి పుత్తూరు అవతలి పల్లె నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడి పేరు చెంగల్రాయుడు, సేద్యం చేసుకునే ఇల్లు. పిల్లవాడి తల్లికి నక్షత్రం సంగతి తెలుసు. అయ్యవారు ఇద్దరి జాతకాలూ చూసి, ఫలానా లగ్నంలో మంచి గడియకు తాళి పడితే ఆ దోషం అంటదని చెప్పాడు. ఆమె ఆ ఒక్క మాట మీద ఒప్పుకుంది. మా అత్త బతుకంతా ఆ గడియ మీద ఆనుకుని ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు, పిల్లదాన్ని నాకు కూడా తెలుసు.

బియ్యం కంట్రోలు వల్ల ఇంటి దగ్గర పందిరి వేసి వందలమందికి పెట్టే రోజులు కావు. పెళ్ళి తిరుచానూరులో అమ్మవారి సన్నిధిలో చేద్దామని, ఎవరి ఊరినుంచి వాళ్ళు అక్కడికే రావాలని అనుకున్నారు. తాంబూలాలకు నాయన వాళ్ళ ఊరికి వెళ్తూ నన్ను కూడా తీసుకుపోయాడు. లగ్నపత్రికలో తిథి, నక్షత్రం, లగ్నం రాసుకున్నారు. తాళి ఎంతకు పడాలనేది లేచి వచ్చేటప్పుడు, చెప్పులేసుకుంటూ, నోటిమాటగా అనుకున్నారు.

"ఎంతకు పడాల తాళి?" అని అడిగాడు పిల్లవాడి తండ్రి.

"తొమ్మిదికి బావా. తొమ్మిదంటే తొమ్మిదే" అన్నాడు నాయన.

"అట్లనే. మర్సిపోయే లెక్కా అది?"

అయ్యవారు పంచాంగం ప్రకారం చెప్పింది ఎనిమిది. నాయన పాకాల మనిషి కాబట్టి ముందే ఒకటి కలిపి, కొత్త టైములోకి మార్చి తొమ్మిదని చెప్పాడు. మాట్లాడితే అందరూ రైలు టైమే మాట్లాడతారని ఆయన భ్రమ. ఆ పెద్దాయన ఇంకో రకంగా ఆలోచించాడు. ముహూర్తమంటే పంచాంగం మాట, దాన్ని ఎవరైనా రైలు టైములో చెబుతారా అనుకుని ఆయన ఇంకొకటి కలుపుకుని, రైలు టైముకు పది అని లెక్కేసుకున్నాడు. ఇద్దరూ మర్యాదస్తులే, ఇద్దరూ ఎదుటివాడికి ఇబ్బంది లేకుండా చూడాలనుకున్నవాళ్ళే. కలిపిన ఆ రెండు గంటల నడుమ మా అత్త పెళ్ళి చిక్కుకుంది.

పెళ్ళినాటి పొద్దు నాకు ఇప్పటికీ కలలో వచ్చినట్టే గుర్తుంది. ముందునాడే మేము రైల్లో తిరుపతి వచ్చి, జట్కాలలో తిరుచానూరు చేరి, గుడి దగ్గర ఒక సత్రంలో దిగాము. తెల్లవారేసరికి సత్రమంతా మల్లెలు, తడిపిన అరటాకులు, పచ్చకర్పూరం. అత్తకు తలంటి, పసుపు రాసి, చీర కట్టి, బాసికం కట్టి లోపలి గదిలో చాపమీద కూర్చోబెట్టారు. చీర నలగకూడదని, పిల్లలెవరినీ లోపలికి పోవద్దని చెప్పి తలుపు దగ్గరగా వేశారు. నేను అవ్వ చెయ్యి పట్టుకుని సత్రం అరుగుమీద నిలబడ్డాను. రోడ్డు మీద ఎండ పల్చగా, పాలలాగా ఉంది. రేణిగుంటలో బండి మారి వచ్చేవాళ్ళ జట్కాలు అటువైపునుంచే రావాలి. ఎవరెవరో యాత్రికుల జట్కాలు వచ్చాయి, పోయాయి. ప్రతి గుర్రం చప్పుడుకూ మా వాళ్ళందరూ మెడలు సాచి చూసి, మళ్ళీ మెడలు లోపలికి లాక్కున్నారు.

నాయన గుడి ఆఫీసులో గడియారం చూడ్డానికి ఒకసారి, రోడ్డు చూడ్డానికి ఒకసారి, అటూ ఇటూ తిరిగాడు. అయ్యవారు పీటల పక్కన కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉన్నాడు. అవ్వ అరుగు అంచున తన నీడ చూసుకుంటూ ఉంది. కాసేపటికి అయ్యవారు మెల్లగా, "మంచి గడియ జారిపోయింది నాయనా" అన్నాడు. నాయన పంచె చెంగుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్న ముఖాన్నే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. అమ్మ లోపలి గది తలుపు దాకా పోయి, తియ్యలేక, తిరిగి వచ్చింది. తలుపవతల ఒంటరిగా కూర్చున్న అత్తను తలుచుకుని నాకు ఏడుపొచ్చింది. ఎంతసేపు అట్లా నిలబడ్డామో నేను చెప్పలేను. నీడలు మాత్రం చాలా దూరం జరిగాయి.

అప్పుడు రెండు జట్కాలు వచ్చాయి. పిల్లవాడి తండ్రి నవ్వుకుంటూ దిగాడు. "ఏం బావా, అందురూ రోడ్డుమీదనే ఉండారు? మేమే ముందుగా వచ్చేసినట్టుండామే" అన్నాడు. అందరం ఆయనవైపే చూస్తూ నిలబడ్డాము. అప్పుడు ఆయన నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

సంగతి బయటపడ్డాక మాటలు లేచాయి.

"ముహూర్తం రైలు టైములో సెప్పేవోణ్ణి నిన్నే సూస్తాండానప్పా" అన్నాడు ఆయన.

"మా ఊళ్ళో ఇంకే టైముండాది బావా? కొత్తదని తెలీదా?" అన్నాడు నాయన.

ఈ ఇద్దరూ గడియారాల గురించి వాదిస్తుంటే, పిల్లవాడి తల్లి జట్కా దగ్గరే నిలబడి, దించిన మూటను మళ్ళీ బండిలో పెట్టింది. "నచ్చత్రం సంగతి తెలిసిగూడా ఒప్పుకున్నానంటే ఆ గడియను నమ్మే గదా. అదే పోయినాక ఇంక నేను దేన్ని నమ్మాల? పోదాం పదండి" అంది. ఆమె కోపంగా అనలేదు. భయంతో అంది. పసుపు రాసి బాసికం కట్టిన పిల్ల పెళ్ళి కాకుండా సత్రం నుంచి ఇంటికి తిరిగిపోతే, ఆ తరవాత ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు.

మా అవ్వ అరుగు దిగి ఆమె దగ్గరికి పోయింది. కొత్త టైమును ఏనాడూ నోటితో పలకని మనిషి అప్పుడు ఏమందంటే, "వదినా, మావోడు తొమ్మిదని మాటిచ్చినాడు. ఈ నీడ సూడు. మనం పుట్టినప్పటినించీ ఉండే పొద్దుకు ఇప్పుడు తొమ్మిదే గదా. ఎవురి మాట తప్పింది? నువ్వూ తొమ్మిదికే వచ్చినావు, మేమూ తొమ్మిదికే ఉండాము" అంది. అది న్యాయమో మాయో నాకు ఇప్పటికీ తెలియదు. అయ్యవారు ఆ సందు దొరకగానే, మంచి గడియ పోయింది గాని లగ్నం ఇంకా కొంచెం ఉంది, కానియ్యండి అన్నాడు. ఆమె ఇంకా మూట వదల్లేదు. ఇంతలో, అందాకా ఒక్క మాటా మాట్లాడని చెంగల్రాయుడు మామ అందరినీ తప్పించుకుని లోపలికి పోయి పీటమీద కూర్చున్నాడు. ఆయన బతుకంతా అంతే, తక్కువ మాట్లాడాడు, కూర్చోవలసిన చోట కూర్చున్నాడు. కొడుకు కూర్చున్నాక తల్లి మూట కింద పెట్టింది.

లోపలి గది తలుపు తీసి అత్తను తెచ్చారు. బొట్టు చెదిరి ఉంది, కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఆ కళ్ళు చూసి ఆడవాళ్ళందరూ కొంగులతో కళ్ళొత్తుకున్నారు. నాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. హడావుడిగా తాళి పడింది. మేళం కన్నా ముక్కులు చీదిన చప్పుడే నాకు ఎక్కువగా గుర్తుంది.

పెళ్ళయితే అయింది గాని ఆ గంట అత్త వెనకే అత్తింటికి పోయింది. ఆ పల్లెలో గడియారం ఉన్న ఇల్లు ఒక్కటి కూడా లేదు. అయినా మా అత్తకు వచ్చిన పేరు గంట తప్పిన కోడలు. ఎద్దు కాలు విరిగితే గంట తప్పిన కోడలు. బావిలో నీళ్ళు దిగిపోతే గంట తప్పిన కోడలు. అత్తగారికి చలిజ్వరం వచ్చిన ప్రతిసారీ ఇంట్లో వాళ్ళు ఈమె ముఖం చూసేవాళ్ళట. ఆ అత్తగారు తొంభై దాకా నిక్షేపంగా బతికి, చివరి రోజుల్లో ఈ కోడలి చేతి సంగటి తప్ప ముట్టలేదు, అది వేరే సంగతి. కాలం గడిచేకొద్దీ పేరులో ముల్లు అరిగిపోయింది. గంట తప్పిన కోడలు కాస్తా గంటకోడలైంది, గంటక్క అయింది, గంటవ్వ అయింది. ఇప్పుడా ఇంటి పిల్లలు దానిలో గుడిగంట వింటున్నారు. విననీ, మంచిదే.

వయసు మీదపడ్డాక నాకు అర్థమైనది ఒకటుంది. గడియారం మా ఇంటికి టైమును ఒక్కదాన్నే తీసుకురాలేదు, ఒక కొత్త తప్పును కూడా తెచ్చింది. గంట ఆలస్యం అనే తప్పు మా అవ్వ కాలంలో చేద్దామన్నా వీలుకాదు. ఎవడో ఎక్కడో కూర్చుని యుద్ధం కోసం ముల్లు జరిపితే, దాని బరువు పుత్తూరు అవతలి పల్లెలో ఒక కోడలి నెత్తిన పడింది. ఇప్పటి పిల్లల ఫోన్లలో ఆ పొరపాటు రాదు, నిజమే, అందరికీ ఒకే నిమిషం. కాని ఆ నిమిషం ఎక్కడినుంచి వస్తున్నదో, దాన్ని జరిపే చెయ్యి ఎవరిదో వాళ్ళూ అడగరు, మా నాయనా అడగలేదు. అవ్వ ఒక్కతే అడిగింది, జరిపేది పొద్దునా అని. ఆమె మాటకు నవ్వాము. నాకు ఈ మధ్య ఆ నవ్వు గుర్తుకొస్తే బాగుండదు.

ఆ పెళ్ళి తరవాత నాయన మారిపోయాడు. పొద్దున్నే స్టేషనుకు పోవడం, ముల్లు సరిచెయ్యడం మానలేదు, కాని ఎవరికీ టైము చెప్పడం మానేశాడు. ఎవరైనా అడిగితే గోడవైపు చెయ్యి చూపించి, సూసుకోండప్పా అనేవాడు. చెల్లెలు పండక్కో పబ్బానికో వస్తే ఆమెకు ఎదురుపడకుండా గల్లాపెట్టె వెనకే ఉండేవాడు.

యుద్ధం అయిపోయాక సర్కారు ఆ గంటను వెనక్కి ఇచ్చేసింది. అప్పటికి రత్నత్త తొలిచూలు బిడ్డను ఎత్తుకుని మా ఇంట్లోనే ఉంది. పురుడు పోసుకుని ఇంకా కోలుకోలేదు. బిడ్డ ఎప్పుడూ ఏడుస్తూ ఉండేది, అత్త కళ్ళకింద నల్లగా అయిపోయింది. ఆనాడు మధ్యాహ్నం రద్దీ తగ్గాక నాయన స్టూలెక్కాడు. గంటలు కొట్టే గడియారాన్ని వెనక్కి తిప్పకూడదు, చెడిపోతుంది. ఆపేసి, గంటసేపు ఊరుకుని, మళ్ళీ నడపాలి. నాయన లోలకాన్ని చేత్తో పట్టి ఆపాడు. ఇన్నేళ్ళుగా వింటున్న చప్పుడు ఆగిపోయేసరికి హోటలంతా ఒక్కసారి పెద్దదైపోయినట్టు అనిపించింది. ఆయన స్టూలు దిగి దానికింద బెంచీమీద కూర్చున్నాడు. తెర పక్కనే బిడ్డను ఊపుతూ అత్త నిలబడి ఉంది. నేను వాళ్ళిద్దరి మధ్య బల్లమీద ఆకులు తుడుస్తున్నాను.

నాయన నేలవైపు చూస్తూనే, "ఊరందురికీ ఇచ్చేసినారు రత్నా. నీకే ఇయ్యలేదు" అన్నాడు.

అత్తకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఆశ్చర్యంగా ఆయనవైపు చూసింది. "దానికా అన్నా నువ్వు నాతో మాట్లాడకుండా తిరగతాండేది?" అంది.

"ఆ పొద్దు నీ కండ్లు సూసినాను మా. ఎంత ఏడ్సినావో."

"యాడ ఏడ్సినాను?" అంది అత్త. తరవాత గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమోనన్నట్టు తెరవైపు చూసి, "నిద్రపోయినా" అంది.

నాయన తలెత్తాడు.

"నన్ను లోపల కూసోబెట్టి తలుపేసినారు గదా. ఎవురూ పిలవలా, పిండి లేదు, పొయ్యి లేదు. చాపమీద ఒరిగినా. అంతే. కొత్త టైము వచ్చినాక నేను కంటినిండా నిద్రపోయింది ఆ గంటేన్నా. నన్ను లేపి బైటికి తెచ్చినారు. మీరందురూ ఏడస్తా ఉంటే ఎందుకో నాకు తెలీలా."

నాయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆయన చెల్లెలివైపు చూశాడు, ఆమె చేతిలో ఏడుస్తున్న బిడ్డవైపు చూశాడు, తరవాత లేచి వచ్చి రెండు చేతులూ చాచి బిడ్డను తీసుకున్నాడు.

"పో. పోయి పండుకో" అన్నాడు.

"బండి వస్తాదేమో గదన్నా. వదినొక్కతే అవుతాది."

"రానీలే. నువ్వు పండుకో."

అత్త తెర వెనక్కి పోయింది. కాట్పాడి బండి వచ్చింది. జనం దిగారు, కాఫీ అడిగారు. నాయన భుజంమీద బిడ్డతోనే అందరికీ కాఫీ పోశాడు. ఒకాయన గోడవైపు చూసి, గడియారం నిలబడిపోయిందే అన్నాడు. నాయన వినిపించుకోలేదు. ఎండ వాలిపోయింది, ఎనుములు ఇంటికి మళ్ళాయి. దీపాల పొద్దయి, తెర వెనక అత్త లేచిన అలికిడి వినబడేదాకా నాయన ఆ లోలకాన్ని ముట్టుకోలేదు.